సూర్యకాంతిలో తగ్గిన వాటాను బట్టి వాయువుల లెక్క

పొడిగాలిలో నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్‌ల వాటా తీసేస్తే మిగిలేది పదివేలలో నాలుగైదు వంతులు మాత్రమే. అయినా భూమి ఎంత వేడెక్కుతుందో, అతినీలలోహిత కిరణాలు నేలను ఏ మేరకు చేరతాయో, నగరవాసులు పీల్చే గాలి ఎంత హానికరమో తేల్చేవి చాలావరకు ఆ మిగులులోని వాయువులే. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటి ఈ లేశ వాయువులను కొలవడానికి రెండు దారులున్నాయి. గాలిని పరికరంలోకి పీల్చి అక్కడికక్కడే పరీక్షించడం ఒకటి. వాయువును తాకకుండా, దాని గుండా ప్రయాణించి వచ్చిన వెలుతురును పరీక్షించడం రెండోది. నేల మీద నిలిపిన వర్ణపటమాపకాలు, అంటే స్పెక్ట్రోమీటర్లు, చేసేది ఈ రెండో పని.

మొదటి దారి కొలిచే చోట, కొలిచే ఎత్తులో ఉన్న గాలి గురించి చాలా కచ్చితంగా చెబుతుంది. కానీ పక్క రోడ్డు మీద వాహనాల రద్దీ పెరిగినా, రాత్రివేళ గాలి నేలకు అంటుకుని కదలకుండా ఉన్నా ఆ అంకె ఒక్కసారిగా మారిపోతుంది. రెండో దారిలో దొరికేది స్తంభ పరిమాణం, అంటే ఒక చదరపు సెంటీమీటరు నేల మీద నుంచి వాతావరణం పైకొస దాకా నిలబెట్టిన గాలి స్తంభంలో ఉన్న ఆ వాయువు అణువుల మొత్తం. వాయువు ఏ ఎత్తులో ఉన్నదీ ఈ మొత్తం నేరుగా చెప్పదు గానీ, కింది పొర పలచబడినా చిక్కబడినా పెద్దగా చలించదు. పైగా ఉపగ్రహాలు చూసేదీ ఇటువంటి స్తంభాన్నే కాబట్టి, ఉపగ్రహం ఇచ్చిన అంకె సరైనదా కాదా అని తేల్చడానికి నేల మీద నుంచి సూర్యుడి వైపు చూసే పరికరాన్ని మించిన సాక్షి లేదు.

ఈ కొలత వెనుక ఉన్న భౌతిక సూత్రం సరళమైనది. ప్రతి వాయువూ కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల వద్ద మాత్రమే కాంతిని శోషిస్తుంది. దారిలో అణువులు ఎక్కువైన కొద్దీ ఆ తరంగదైర్ఘ్యం వద్ద కాంతి ఘాతీయంగా తగ్గుతుంది. బీర్-లాంబర్ట్ నియమం చెప్పేది ఇదే. కాబట్టి బయలుదేరిన కాంతి ఎంతో, చేరిన కాంతి ఎంతో తెలిస్తే దారిలో ఎన్ని అణువులు అడ్డుపడ్డాయో లెక్క కట్టవచ్చు. చిక్కంతా ఆచరణలోనే ఉంది. బయలుదేరిన కాంతి ఎంతో నేల మీద ఉన్నవారికి తెలియదు. గాలి అణువులూ ధూళీ కూడా కాంతిని చెదరగొడతాయి. పలచని మబ్బు అడ్డొస్తుంది, అద్దాల మీద దుమ్ము పడుతుంది, గ్రాహకం ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తుంది. ఇన్ని లోపాల మధ్య ఒక శాతం తేడాను, కొన్ని వాయువుల విషయంలో ఒక శాతంలో పదోవంతు తేడాను, పట్టుకోవాలి. ఈ రంగం వందేళ్లుగా ఆ పని చేయగలుగుతున్నది కాంతిని నిక్కచ్చిగా కొలవడం నేర్చుకున్నందువల్ల కాదు. ఒకే లోపానికి సమానంగా గురైన రెండు కొలతలను పక్కపక్కన పెట్టి, ఆ లోపాన్ని వాటి మధ్యే రద్దు చేయడం నేర్చుకున్నందువల్ల. పరికరాలు మారాయి, తరంగదైర్ఘ్యాలు మారాయి, ఈ ఎత్తుగడ మాత్రం మారలేదు. ఏ లోపాలు ఇలా రద్దవుతాయో, ఏవి మొండిగా మిగిలిపోతాయో గమనిస్తే తప్ప ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలో తెలియదు.

ఈ ఎత్తుగడకు తొలి స్పష్టమైన రూపం ఓజోన్ కొలతలో కనిపిస్తుంది. నేలను చేరే సూర్యకాంతి వర్ణపటం 300 నానోమీటర్ల దరిదాపుల్లో అకస్మాత్తుగా తెగిపోవడానికి ఓజోనే కారణమని వాల్టర్ హార్ట్లీ 1880ల తొలి ఏళ్లలో సూచించాడు. దాని మొత్తం మందం కొన్ని మిల్లీమీటర్లకు మించదని తర్వాతి కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన ఛార్లెస్ ఫాబ్రీ, ఆన్రీ బ్యూసోఁ కొలిచి చూపారు. ఇదే కొలతను రోజూ, అనేక చోట్ల, ఒకే తీరులో చేయడానికి పనికొచ్చే పరికరాన్ని 1920ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో రూపొందించినవాడు గోర్డన్ డాబ్సన్. స్విట్జర్లాండ్‌లోని అరోజాలో 1926లో మొదలైన ఓజోన్ కొలతల వరుస ప్రపంచంలోకెల్లా పొడవైనది. స్తంభ ఓజోన్‌కు కొలమానం కూడా డాబ్సన్ పేరునే నిలిచిపోయింది. స్తంభంలోని ఓజోన్‌నంతా సున్నా డిగ్రీల సెల్సియస్, సాధారణ వాతావరణ పీడనం వద్దకు తెచ్చి నేల మీద పరిస్తే మిల్లీమీటరులో నూరోవంతు మందం వచ్చే పరిమాణమే ఒక డాబ్సన్ యూనిట్. 300 యూనిట్లంటే మూడు మిల్లీమీటర్లు. అతినీలలోహిత కిరణాల నుంచి నేల మీది జీవానికి ఉన్న అడ్డు అంతే.

డాబ్సన్ పరికరం ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద కాంతి ఎంత ఉందో కొలవదు. ఓజోన్ గట్టిగా శోషించే 305.5 నానోమీటర్ల కాంతిని, అంతగా శోషించని 325.4 నానోమీటర్ల కాంతిని క్వార్ట్జ్ పట్టకాలతో విడదీసి, తిరిగే చక్రం సాయంతో రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే గ్రాహకం మీద పడేలా చేస్తుంది. బలంగా ఉన్న కాంతికి అడ్డంగా ఉన్న పలకను జరుపుతూ పోతే ఒక చోట రెండూ సమానమై గ్రాహకంలో ఊగిసలాట ఆగుతుంది. కంసాలి త్రాసులో ముల్లు నిలిచాక గురిగింజలు లెక్కపెట్టినట్టు, ఆ పలక ఎంత జరిగిందో చదివితే రెండు కాంతుల నిష్పత్తి తెలుస్తుంది. గ్రాహకం మందగించినా, కిటికీ అద్దం మురికిపట్టినా, పలచని పొగమంచు ఉన్నా రెండు కాంతులూ దాదాపు సమానంగానే తగ్గుతాయి, నిష్పత్తి చెక్కుచెదరదు.

అయితే ధూళి వల్ల కలిగే చెదరుపాటు రెండు తరంగదైర్ఘ్యాల వద్దా పూర్తిగా సమానం కాదు. అందుకే 317.6, 339.8 నానోమీటర్ల మరో జతను కూడా కొలిచి, మొదటి జత ఫలితం నుంచి దీన్ని తీసివేస్తారు. రెండు జతల్లోనూ తరంగదైర్ఘ్యాల మధ్య దూరం ఇరవై నానోమీటర్ల చుట్టుపక్కలే కాబట్టి, ధూళి ప్రభావం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే అయి రెండో తీసివేతలో పోతుంది. ఈ జంట జతల పద్ధతే ఇప్పటికీ డాబ్సన్ కేంద్రాల ప్రామాణిక పద్ధతి.

రద్దు కానివి మూడున్నాయి. మొదటిది, వాతావరణం పైన ఆ రెండు కాంతుల నిష్పత్తి ఎంత అన్నది. దీన్ని లాంగ్లీ పద్ధతితో రాబడతారు. ఉదయం సూర్యుడు పైకెక్కే కొద్దీ కాంతి గాలిలో నడిచే దారి పొట్టిదవుతుంది. ఆ మార్పు వెంబడి కొలుస్తూ పోయి, దారి సున్నా అయితే విలువ ఎంత ఉండేదో గీతను పొడిగించి చూస్తారు. ఆ పూట అంతా ఓజోన్ మారకుండా ఉండాలన్నది ఇందులో షరతు. అందుకే ప్రపంచ ప్రామాణికమైన 83వ నంబరు డాబ్సన్ పరికరాన్ని హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద, సుమారు 3400 మీటర్ల ఎత్తున, నిర్మలమైన గాలిలో సరిచూస్తారు. మిగతా పరికరాలు దానితోనో, దానితో సరిచూసిన ప్రాంతీయ పరికరంతోనో పోల్చుకోవాలి. రెండోది, ఓజోన్ శోషణ బలం. అది ఉష్ణోగ్రతతో మారుతుంది, కానీ డాబ్సన్ లెక్కల్లో ఓజోన్ పొరకు మైనస్ 46.3 డిగ్రీలనే ఒకే విలువ ఇచ్చారు. ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణం దానికంటే బాగా చల్లబడే ధ్రువ శీతకాలంలో ఇది స్వల్పమైన ఋతు దోషంగా బయటపడుతుంది. మూడోది సల్ఫర్ డయాక్సైడ్. అది కూడా ఇవే తరంగదైర్ఘ్యాల వద్ద శోషిస్తుంది కాబట్టి, బొగ్గు పొగ ఎక్కువగా ఉన్న నగరాల్లో డాబ్సన్ ఓజోన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపగలదు. తర్వాత వచ్చిన బ్రూవర్ పరికరం ఐదు తరంగదైర్ఘ్యాలను వాడి ఈ రెండు వాయువులనూ విడదీస్తుంది.

అంటార్కిటికా ఓజోన్ రంధ్రం ఉదంతాన్ని నేల పరికరం ఉపగ్రహాన్ని ఓడించిన కథగా చెప్పడం అలవాటైపోయింది. జరిగింది అంత తేలికైన కథ కాదు. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వారి హేలీ బే కేంద్రంలో 1950ల చివరి నుంచి నడుస్తున్న డాబ్సన్ కొలతల ఆధారంగా జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ 1985 మే నెలలో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసం, ఒకప్పుడు 300 యూనిట్ల చుట్టూ ఉండే అక్టోబరు సగటు 200కు దగ్గరగా పడిపోయిందని చూపింది. జపాన్ వారి స్యోవా కేంద్రంలో 1982లో అసాధారణంగా తక్కువ విలువలు వచ్చాయని షిగేరు చుబాచి అంతకు ముందే ఒక సదస్సులో చెప్పినా, ఒక్క ఏడాది కొలత కావడంతో అది పెద్దగా చర్చకు రాలేదు. అదే సమయంలో నింబస్-7 ఉపగ్రహం కూడా ఈ తరుగుదలను చూస్తూనే ఉంది. కానీ 180 యూనిట్ల కంటే తక్కువ విలువలను అనుమానాస్పదమని గుర్తుపెట్టేలా దాని లెక్కలు రాసి ఉన్నాయి. ఆ విలువలు పోగుపడటం గమనించిన నాసా శాస్త్రవేత్తలు సరిచూడబోతే, దక్షిణ ధ్రువంలోని డాబ్సన్ నుంచి అప్పట్లో అందిన అంకెలు 300 దగ్గర ఉన్నాయి. ఆ అంకెలే పొరపాటువని తర్వాత తేలింది. అంటే నేల పరికరం ఉన్నంత మాత్రాన చాలదు. హేలీకి బలం ఇచ్చింది దాని పాతికేళ్ల అవిచ్ఛిన్నమైన, సరిచూసిన వరుస. తమ పరికరమే చెడిపోయిందేమోనని అనుమానించి మరో డాబ్సన్‌తో పోల్చుకున్నాకే ఆ ముగ్గురూ ప్రచురణకు సిద్ధపడ్డారు.

కొన్ని తరంగదైర్ఘ్యాలను మాత్రమే ఎంచుకోవడం ఓజోన్ వంటి బలమైన శోషకానికి సరిపోతుంది. దానికంటే వందల, వేల రెట్లు తక్కువగా ఉండే వాయువులకు సరిపోదు. అక్కడ మొత్తం వర్ణపటాన్నే నమోదు చేసి, అందులోని సన్నని ఒడిదుడుకులను వెతకాలి. జాన్ నాక్సన్ 1975లో ఆకాశం నడినెత్తి నుంచి వచ్చే చెదిరిన వెలుతురులో స్ట్రాటో ఆవరణపు నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఇలా పట్టుకున్నాడు. జర్మనీలోని యూలిష్‌లో ఉల్రిష్ ప్లాట్, డీటర్ పెర్నర్ ప్రభృతులు 1979లో దీన్ని ఒక సాధారణ పద్ధతిగా స్థిరపరచారు; దానికే భేదాత్మక కాంతి శోషణ వర్ణపటశాస్త్రమని, పొట్టిగా డోయాస్ అని పేరు. ఇందులో చెదరుపాటునూ ధూళినీ పరికరపు నెమ్మది మార్పులనూ ఒక నున్నని వక్రరేఖలో కలిపి పక్కన పెడతారు, ఎందుకంటే అవన్నీ తరంగదైర్ఘ్యంతో పాటు మెల్లగా మారేవే. వాయువు శోషణ మాత్రం గళ్లుగళ్లుగా, నిటారుగా మారుతుంది. ఆ నిటారు భాగాన్నే ప్రయోగశాలలో కొలిచిన నమూనాతో సరిపోలుస్తారు. బయలుదేరిన సూర్యకాంతి ఎంతో తెలియదన్న చిక్కును కూడా భేదంతోనే దాటుతారు: మధ్యాహ్నం తీసిన వర్ణపటాన్ని హారంగా పెట్టి సాయంత్రపు వర్ణపటాన్ని భాగిస్తే, సూర్యుడి ఉపరితలం నుంచే వచ్చే వేలాది నల్లని ఫ్రాన్‌హోఫర్ రేఖలు చాలావరకు రద్దవుతాయి.

చాలావరకే, పూర్తిగా కాదు. చెదిరిన వెలుతురులో ఆ రేఖలు నేరుగా వచ్చే ఎండలో కంటే తక్కువ లోతుగా కనిపిస్తాయని గ్రెయింజర్, రింగ్ 1962లో గమనించారు. గాలి అణువులు కాంతిని చెదరగొట్టేటప్పుడు అందులో కొంత భాగం తరంగదైర్ఘ్యం మార్చుకుని ఆ గుంటలను పూడ్చడమే దీనికి కారణం. ఈ పూడిక తరచుగా వెతుకుతున్న వాయువు శోషణ కంటే ఎన్నో రెట్లు పెద్దది. దీన్ని ఒక అదనపు వాయువుగా భావించి సరిపోలికలో చేర్చితే తప్ప డోయాస్ ఫలితాలు నిలబడవు.

సంధ్యా సమయంలో సూర్యుడు దిగంతం దగ్గర ఉన్నప్పుడు నడినెత్తి వెలుతురు స్ట్రాటో ఆవరణంలో ఏటవాలుగా చాలా దూరం నడిచి వస్తుంది. నిలువు దారి కంటే పదిహేను, ఇరవై రెట్లు పొడవుగా. అందుకే పలచని వాయువులు ఆ వేళల్లోనే బాగా బయటపడతాయి. ఓజోన్ రంధ్రానికి కారణం వెతకడానికి 1986లో అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి వెళ్లిన సూజన్ సాలమన్ బృందం సంధ్యా కాంతితోనూ చంద్రకాంతితోనూ క్లోరిన్ డయాక్సైడ్‌ను కొలిచి, అది ఊహించినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని చూపింది. ఓజోన్‌ను ప్రధానంగా తినేది ఆ వాయువు కాదు. కానీ క్లోరిన్, బ్రోమిన్ మోనాక్సైడ్‌లు చురుగ్గా ఉన్నచోటే అది అంతగా పోగుపడుతుంది. మెక్‌మర్డోలోనే మరో బృందం సూక్ష్మతరంగ పరికరంతో క్లోరిన్ మోనాక్సైడ్‌ను నేరుగా కొలవడంతో రసాయన కారణం వైపు మొగ్గు స్థిరపడింది.

నేలకు దగ్గరగా ఉన్న కాలుష్యానికి దారి వేరు. దూరదర్శినిని దిగంతానికి రెండు మూడు డిగ్రీల ఎత్తు నుంచి నడినెత్తి దాకా మెట్లుమెట్లుగా తిప్పితే, కింది కోణాల్లో కాంతి కింది పొరలో ఎక్కువ దూరం నడుస్తుంది, పై కోణాల్లో తక్కువ. రెండింటి తేడాలో స్ట్రాటో ఆవరణపు వాటా పోయి, నేలకు దగ్గరి పొర మిగులుతుంది. బహుకోణ డోయాస్ అనే ఈ పరికరాలు పంజాబ్‌లోని మొహాలీలో ఉన్న భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్) ప్రాంగణంతో సహా అనేక నగరాల్లో నైట్రోజన్ డయాక్సైడ్‌ను, ఫార్మాల్డిహైడ్‌ను కొలిచాయి. ఇక్కడ మిగిలిన ప్రశ్న, ధూళి నిండిన గాలిలో కాంతి అసలు ఎంత దూరం నడిచిందన్నది. దానికి జవాబు ఆక్సిజన్ నుంచే వస్తుంది. రెండు ఆక్సిజన్ అణువులు ఢీకొన్న క్షణంలో కలిగే బలహీనమైన శోషణ 360, 477 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. గాలిలో ఆక్సిజన్ ఎంతో ముందే తెలుసు కాబట్టి, ఆ శోషణ ఎంత ఉందో చూస్తే కాంతి నడిచిన దూరం బయటపడుతుంది. ఊహలో ఇది చక్కని ఉపాయమే. ఆచరణలో కొన్ని చోట్ల కొలత, లెక్క కలవాలంటే కొలిచిన శోషణను సుమారు 0.8తో గుణించాల్సి వస్తుంది, మరికొన్ని చోట్ల ఆ అవసరమే రాదు. కారణం మీద పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇటువంటి సవరణ సంఖ్యను వాడారా లేదా అన్నది చూడకుండా బహుకోణ డోయాస్ ఫలితాలను ఒకదానితో ఒకటి పోల్చడం తొందరపాటే.

పరారుణ ప్రాంతానికి వస్తే రేఖలు సన్నబడతాయి, వాయువుల సంఖ్య పెరుగుతుంది. ఇక్కడ పట్టకం స్థానంలో మైకెల్సన్ వ్యతికరణమాపకం ఉంటుంది. సూర్యకాంతిని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయ దారిని కదిలే అద్దంతో పొడిగిస్తూ, రెండూ మళ్లీ కలిసినప్పుడు కలిగే వెలుగుచీకట్లను నమోదు చేస్తారు. ఆ నమోదును ఫూరియే పరివర్తన అనే గణిత ప్రక్రియతో వర్ణపటంగా మారుస్తారు. అద్దం ఎంత దూరం కదిలితే అంత సన్నని రేఖలు విడిగా కనిపిస్తాయి. రేఖ ఎక్కడుందన్నదే కాక అది ఎంత వెడల్పుగా ఉందన్నది కూడా సమాచారమే. పీడనం ఎక్కువున్న కింది పొరల్లోని అణువులు వెడల్పాటి రేఖనూ, పై పొరల్లోనివి సన్నని రేఖనూ ఇస్తాయి కాబట్టి, ఒకే రేఖ ఆకారం నుంచి ఆ వాయువు రెండు మూడు పొరల్లో ఎలా పంచుకుని ఉందో కొంతవరకు రాబట్టవచ్చు. అంతకుమించి పొరలను విడదీశామని చెప్పే ఫలితంలో పరికరం చూసినదాని కంటే ముందస్తు ఊహ పాలే ఎక్కువ.

వాతావరణంలో మీథేన్ ఉందని తెలిసింది ఇలాంటి సౌర వర్ణపటం నుంచే. బెల్జియంకు చెందిన మార్సెల్ మిజొట్ 1948లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో తీసిన వర్ణపటాల్లో దాని రేఖలను గుర్తించాడు. అతనే 1950-51లో ఆల్ప్స్ పర్వతాల్లో 3500 మీటర్లకు పైన ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కేంద్రంలో సౌర వర్ణపటాలు నమోదు చేశాడు. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, రేఖల బలాల పట్టికలు మెరుగుపడిన తర్వాత, ఆ పాత వర్ణపటాలను మళ్లీ చదివి 1951లో మీథేన్ 1.1 పీపీఎంకు, అంటే గాలిలో పదిలక్షల వంతుల్లో 1.1 వంతుకు, కాస్త పైన ఉండేదని అంచనా కట్టారు. ఇవాళ అది 1.9 పీపీఎం దాటింది. గాలిని పీల్చి ఒక అంకె రాసుకుని వదిలేసే పరికరానికి ఈ సౌలభ్యం లేదు. వర్ణపటంలో కొలిచినవాడు వెతకని వాయువులు కూడా నమోదై ఉంటాయి. ముడి వర్ణపటాలను భద్రపరచని కేంద్రం తన పనిలో సగం పారేసుకున్నట్టే.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌లోనే బెల్జియంకు చెందిన లీయేజ్ విశ్వవిద్యాలయం కొనసాగించిన వరుస మరో పాఠం నేర్పింది. ఓజోన్‌కు హాని చేసే వాయువులను కట్టడి చేసిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్లోరోఫ్లోరోకార్బన్లు తగ్గడంతో, స్ట్రాటో ఆవరణంలో వాటి క్లోరిన్ నుంచి ఏర్పడే హైడ్రోజన్ క్లోరైడ్ 1990ల రెండో సగం నుంచి తగ్గుముఖం పట్టింది. కానీ 2007 తర్వాత ఉత్తరార్ధగోళంలో కొన్నేళ్లు మళ్లీ పెరిగింది. ఒప్పందాన్ని ఎవరో ఉల్లంఘించారన్న అనుమానానికి తావిచ్చే ఈ మార్పును ఎమాన్యుయెల్ మయూ బృందం 2014లో విశ్లేషించి, దానికి కారణం కొత్త క్లోరిన్ కాదని, దిగువ స్ట్రాటో ఆవరణంలో గాలి ప్రసరణ కొంతకాలం మందగించడమని చూపింది. స్తంభంలో పెరుగుదల కనిపించగానే కింద ఎవరో వదిలారని తేల్చేయడం ఎంత పొరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ వద్ద ఈ పద్ధతికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. సమస్య వాయువు తక్కువగా ఉండటం కాదు, మరీ ఎక్కువగా ఉండటం. సుమారు 420 పీపీఎం నేపథ్యం మీద ఏడాదికి పెరిగేది రెండు మూడు పీపీఎం. వాతావరణపు బరువులో పదోవంతు ఉన్న కింది పొరలో ఒక నగరం 10 పీపీఎం పెంచినా స్తంభ సగటులో కనిపించేది ఒక్క పీపీఎం, అంటే పావు శాతం కంటే తక్కువ. ఇంత కచ్చితత్వం కోసం 2004లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పార్క్ ఫాల్స్ వద్ద తొలి కేంద్రంతో మొదలైన మొత్తం కార్బన్ స్తంభ పరిశీలన జాలం, పొట్టిగా టీసీసీఓఎన్, మళ్లీ పాత ఎత్తుగడనే ఆశ్రయించింది. ఒకే గ్రాహకం మీద, ఒకే వేళ, 1.6 మైక్రోమీటర్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌నూ 1.27 మైక్రోమీటర్ల దగ్గర ఆక్సిజన్‌నూ కొలుస్తారు. పొడిగాలిలో ఆక్సిజన్ వాటా 0.2095 అని తెలుసు కాబట్టి, రెండు స్తంభాల నిష్పత్తిని దానితో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ స్తంభ సగటు వస్తుంది. సూర్యుడి మీద గురి కొద్దిగా తప్పినా, నేల పీడనం మారినా, గాలిలో తేమ పెరిగినా ఆ ప్రభావం రెండు స్తంభాల మీదా ఒకేలా పడి చాలావరకు పోతుంది. ఉపగ్రహాలు ఎక్కువగా 0.76 మైక్రోమీటర్ల ఆక్సిజన్ పట్టీని వాడతాయి, ఎందుకంటే 1.27 దగ్గర పై వాతావరణంలోని ఆక్సిజనే స్వయంగా వెలుగునిస్తుంది. నేల నుంచి సూర్యుణ్ణి నేరుగా చూసే పరికరానికి ఆ మినుకు లెక్కలోకి రాదు.

ఈ నిష్పత్తిలో కూడా మొండిగా మిగిలేది రేఖల బలం. ప్రయోగశాలలో కొలిచిన కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ రేఖల బలాల్లో ఉన్న దోషాలు వేర్వేరు, అవి ఒకదాన్నొకటి కొట్టుకోవు. ఫలితంగా వచ్చే విలువలో ఒక శాతం వరకు స్థిరమైన తేడా, సూర్యుడి ఎత్తును బట్టి మారే చిన్న తేడా ఉంటాయి. వీటిని సరిచేయడానికి విమానాలు, బెలూన్ల మీద పంపే పొడవాటి చుట్టగొట్టాలు కేంద్రం మీదుగా వివిధ ఎత్తుల్లో సేకరించిన గాలిని ప్రయోగశాలలో కొలిచి, ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణంతో ముడిపెడతారు. అంటే గాలిని తాకకుండా కొలిచే పద్ధతి చివరికి గాలిని పట్టి కొలిచే పద్ధతి మీదే ఆధారపడుతున్నది. ఓసీఓ-2, గోశాట్ వంటి ఉపగ్రహాలు టీసీసీఓఎన్‌తోనూ, టీసీసీఓఎన్ విమానాలతోనూ, విమానాలు సిలిండర్లలో నింపిన ప్రామాణిక వాయువులతోనూ సరిచూసుకుంటాయి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఆకాశం నుంచి వచ్చే అందమైన పటాలకు ఆధారం ఉండదు.

టీసీసీఓఎన్ పరికరం ఒక గదంత చోటు తీసుకునే ఖరీదైన వ్యవస్థ. కేంద్రాల్లో ఎక్కువ భాగం ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లోనే ఉన్నాయి. ఆ లోటును కొంత పూడ్చడానికి జర్మనీలోని కార్ల్స్‌రూ సాంకేతిక సంస్థ, బ్రూకర్ కంపెనీ కలిసి ఈఎమ్27/సన్ అనే చిన్న వర్ణపటమాపకాన్ని రూపొందించాయి. ఇద్దరు మోయగలిగే బరువే. దీని అద్దం తక్కువ దూరమే కదులుతుంది కాబట్టి రేఖలు విడివిడిగా కాక కలగలిసి కనిపిస్తాయి. అయినా ఆక్సిజన్‌తో నిష్పత్తి ఉపాయం ఇక్కడా పనిచేస్తుంది. ప్రతి పరికరమూ రేఖను ఎంత వెడల్పు చేసి చూపుతుందో గదిలోని గాలిలో ఉన్న నీటి ఆవిరి రేఖలతో ముందే కొలిచి, కార్ల్స్‌రూలోని టీసీసీఓఎన్ పరికరం పక్కన నిలిపి పోల్చాకే బయటకు పంపుతారు. ఇలాంటివి ఐదింటిని 2014 వేసవిలో బెర్లిన్ చుట్టూ నిలిపి, గాలి నగరంలోకి వచ్చే వైపు, బయటికి వెళ్లే వైపు స్తంభాల తేడాను కొలిచారు. తేడా సాధారణంగా ఒక పీపీఎం లోపే. ఐదు పరికరాలూ ఒకే మేరకు తప్పు చూపినా ఫరవాలేదు, ఒకదానికొకటి వేరుగా చూపకపోతే చాలు. ఉపాయం ఈసారి పరికరం లోపల కాకుండా నగరానికి ఆ చివరా ఈ చివరా అమలైంది.

భారతదేశంలో ఈ పనికి ఓజోన్ వైపు నుంచి పాత మూలాలున్నాయి. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు నాయకత్వం వహించిన కె.ఆర్. రామనాథన్ ఓజోన్ పరిశోధనలో అంతర్జాతీయంగా పేరున్నవాడు. భారత వాతావరణ శాఖ కొడైకెనాల్ సహా పలు చోట్ల డాబ్సన్ కొలతలు నడిపింది. ఉష్ణమండలంలో స్తంభ ఓజోన్ మధ్య అక్షాంశాల కంటే తక్కువగా, 250 నుంచి 280 యూనిట్ల మధ్య, పెద్దగా ఋతుభేదం లేకుండా ఉంటుందని ఈ వరుసలు స్పష్టంగా చూపుతాయి. కార్బన్ వాయువుల విషయంలో హైదరాబాదుకు దగ్గరలోని షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం, అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఈఎమ్27/సన్‌తో కార్బన్ డయాక్సైడ్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ స్తంభాలను కొలిచి, వాటిలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ అంకెలను ట్రోపోమీ ఉపగ్రహ పరికరం విలువలతో పోల్చింది. ఉపఖండం మీద ఉపగ్రహ విలువలకు నేల సాక్ష్యం అతి తక్కువగా ఉన్న స్థితిలో ఇది విలువైన పనే. ఇటువంటి పోలికలో ఒక జాగ్రత్త తప్పనిసరి. రెండు పరికరాలూ ఒకే గాలి స్తంభాన్ని చూసినా, ఒక్కో ఎత్తులోని వాయువు మార్పుకు రెండూ ఒకే మేరకు స్పందించవు. ఆ స్పందన వక్రరేఖలను సర్దకుండా రెండు అంకెలను నేరుగా తీసివేస్తే, తేలే తేడాలో కొంత భాగం పరికరాల స్వభావం నుంచి వచ్చేదే అవుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు మబ్బులది. సూర్యుణ్ణి నేరుగా చూసే ఈ పరికరాలకు మబ్బు లేని ఆకాశం కావాలి. దక్కనులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా అటువంటి గంటలు అరుదు. నేల నుంచి ప్రతిఫలించిన ఎండను చదివే ఉపగ్రహాలకూ అదే ఇబ్బంది. వర్షాకాలంలోనే పైరూ అడవీ ఏపుగా పెరిగి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా పీల్చుకుంటాయి, వరి మళ్లు నీట మునిగి మీథేన్‌ను వదులుతాయి. కొలత అవసరం ఎక్కువైన నెలల్లో సరిచూడవలసిన ఉపగ్రహం, సరిచూసే నేల పరికరం రెండూ ఒకేసారి గుడ్డివవుతాయి. మిగతా ఎనిమిది నెలల్లో ఆ రెండూ ఎంత బాగా ఏకీభవించినా ఈ నాలుగు నెలల గురించి ఆ ఏకీభావం ఏమీ చెప్పదు. మబ్బుల సందుల్లో దొరికే కొద్ది కొలతలు కూడా వాన తెరిపిచ్చిన ఎండపూటలవే కాబట్టి, కిరణజన్య సంయోగక్రియ ఎక్కువగా జరిగిన గంటల వైపే మొగ్గుతాయి. నిష్పత్తులతోనూ తీసివేతలతోనూ రద్దయ్యే లోపం కాదిది; ఎందుకంటే తీసివేయడానికి పక్కన పెట్టవలసిన రెండో కొలతే లేదు. ఆ నెలల్లో వాయువుల నడత తెలియాలంటే మబ్బుతో పనిలేకుండా రాత్రింబవళ్లు గాలిని పీల్చి కొలిచే టవర్లు, వీలైనప్పుడు విమాన సేకరణలు వర్ణపటమాపకాల సరసన నడవాలి. షాద్‌నగర్‌లో స్తంభ కొలతలతో పాటు నేల దగ్గరి గాలిని పీల్చి కొలిచే పరికరాలను కూడా నడపడం ఈ దిశలో సరైన ఏర్పాటు.